కడుపు కడిగి పంపిస్తే సరిపోదు

చనిపోవాలని మాత్రలు మింగిన మనిషిని క్యాజువాలిటీకి తెచ్చినవారు డాక్టరుకు చెప్పే మొదటి మాట చాలాసార్లు నిజం కాదు. ‘కడుపునొప్పి సార్’, ‘తిన్నది పడలేదు’ అంటారు. పోలీసు కేసవుతుందని భయం, పెళ్లి కావలసిన పిల్ల అని బెంగ. మింగిందేమిటో, ఎప్పుడో రాబట్టేసరికి పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది. కొన్ని మందులతో మొదటి రోజు మనిషి మామూలుగానే కనిపిస్తాడు. గండం గడిచిందని ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటారు. కాలేయం దెబ్బతిన్న సంగతి రెండు మూడు రోజులకు గానీ బయటపడదు. తొలి గంటల్లోనే నిజం చెబితే విరుగుడు మందు ప్రాణం నిలబెడుతుంది.

ఆ పోలీసు కేసు భయానికి ఇప్పుడు ఆధారం లేదు. ఆత్మహత్యకు ప్రయత్నించిన వ్యక్తి తీవ్రమైన మానసిక ఒత్తిడిలో ఉన్నట్లే భావించాలనీ, శిక్షించరాదనీ, చికిత్స, పునరావాసం కల్పించడం ప్రభుత్వ బాధ్యత అనీ 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ చెబుతోంది. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత, ఆత్మహత్యాయత్నాన్ని శిక్షించే పాత 309వ సెక్షన్‌ను కొనసాగించలేదు. ముందు వైద్యం, తరువాతే పోలీసు లాంఛనాలు అని సుప్రీంకోర్టు 1989లోనే తీర్పిచ్చింది. ఈ మాటలను విశాఖ నగరంలోని ప్రతి క్యాజువాలిటీ గుమ్మం ముందు పెద్ద తెలుగు అక్షరాల్లో రాసిపెట్టాలని కోరుతున్నాం.

ఇంట్లో చేయవలసింది కొంచెమే. వెంటనే 108కి ఫోను చేయాలి. ఖాళీ మాత్రల షీట్లు, సీసాలు ఏవి దొరికితే అవి సంచిలో వేసుకుని వెళ్లాలి. ఉప్పునీళ్లు తాగించడం, గొంతులో వేలు పెట్టి కక్కించడం ప్రమాదం. మగతలో ఉంటే ఎడమవైపు తిప్పి పడుకోబెట్టాలి.

అసలు లోపం ఆ తరువాత ఉంది. కడుపు కడిగి, సెలైన్ పెట్టి, నాడి కుదుటపడగానే డిశ్చార్జి చేస్తే శరీరానికే వైద్యం జరిగినట్టు. ఆ రాత్రి మాత్రల దాకా నడిపించిన అప్పు, మార్కులు, మొగుడి తాగుడు, మాట పడ్డ అవమానం ఇంట్లో అలాగే కాచుకుని ఉంటాయి. ఒకసారి ప్రయత్నించినవారికే మళ్లీ ముప్పు ఎక్కువ. అందువల్ల మానసిక వైద్యుడు చూసి మాట్లాడనిదే ఎవరినీ ఇంటికి పంపకూడదు. విశాఖలో ఇది గొంతెమ్మ కోరిక కాదు. మహారాణిపేటలోని కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్), చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాల రెండూ ఆంధ్ర వైద్య కళాశాల బోధనాసుపత్రులే. కొత్త భవనం అక్కరలేదు, ఈ వార్డుకూ ఆ వైద్యులకూ మధ్య నిత్యం నడిచే ఏర్పాటు కావాలి. వాల్తేరు గేటు దాటడానికి జంకే కుటుంబాల వద్దకు వైద్యుడే రావాలి.

ఇంటికెళ్లాక కూడా పలకరింపు ఆగకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెన్నైతో సహా అయిదు నగరాల్లో జరిపిన అధ్యయనంలో, ఒక చిన్న సంభాషణ తరువాత కొన్ని నెలలపాటు ఫోను ద్వారానో, ఇంటికి వెళ్లో క్షేమం కనుక్కున్నవారిలో ఆత్మహత్య మరణాలు బాగా తగ్గాయి. మన్యం నుంచి పాడేరు ఘాట్ దిగి వచ్చిన రోగికి ఆ పని అక్కడి ఏఎన్ఎం, ఆశా కార్యకర్త చేయగలరు. అయితే చిరునామాతో పాటు గోప్యత కూడా వారికి అప్పగించాలి. వీధిలో పదిమందికి తెలిసేలా వాకబు చేస్తే మేలు కన్నా కీడే ఎక్కువ.

మందుల షాపుల విషయంలో ఉదాసీనత చాలు. షెడ్యూల్ హెచ్ మందులు చీటీ లేకుండా అమ్మరాదన్న నిబంధన కాగితానికే పరిమితం కాకుండా ఔషధ నియంత్రణ అధికారులు చూడాలి. నొప్పి మాత్రలు ఒక్కో ప్యాకెట్‌లో ఎన్ని ఉండాలో బ్రిటన్ 1998లో పరిమితి పెట్టాక వాటివల్ల సంభవించే మరణాలు తగ్గాయి. కుంగిపోయి ఉన్న మనిషికి డాక్టరు కొద్ది రోజులకే మందు రాయాలి, ఆ మందు ఇంటి పెద్దల చేతిలో ఉండాలి.

ఈ పేజీ చదువుతున్నవారిలోనూ అలాంటి ఆలోచనతో సతమతమవుతున్నవారు ఉండవచ్చు. 14416కి ఫోను చేయండి. అది టెలీ మానస్, రాత్రీ పగలూ ఉచితంగా పలుకుతుంది, తెలుగులోనే మాట్లాడవచ్చు. ఇప్పటికే ఏమైనా మింగి ఉంటే దాచవద్దు, ఈ క్షణమే పక్కనున్నవారికి చెప్పి 108ని పిలిపించండి.