ఏసీ ఉంది సరే, కిటికీ ఏది?

ఇంటర్ అడ్మిషన్ల సీజన్ వస్తే హైదరాబాద్‌లో, విజయవాడలో ఏ బ్రోషర్ తిప్పినా "ఏసీ క్లాస్‌రూమ్స్" అని పెద్ద అక్షరాలు కనిపిస్తాయి. మనం ర్యాంకులు అడుగుతాం, హాస్టల్ భోజనం అడుగుతాం. గదిలోకి బయటి గాలి ఎలా వస్తుందని మాత్రం అడగం.

మా అన్నయ్య కొడుకు చదివే కాలేజీ, అపార్ట్‌మెంట్ కోసం కట్టిన బిల్డింగ్‌లో ఉంది. రోడ్డు కనిపిస్తే పిల్లల ధ్యాస పోతుందని కిటికీలకు ప్లైవుడ్ కొట్టేశారు. ఒక్కో గదిలో అరవై మందికి పైనే. పొద్దున మొదలుపెడితే రాత్రి స్టడీ అవర్స్ అయ్యేదాకా అదే గది, అదే ట్యూబ్‌లైట్. మధ్యాహ్నం క్లాసులో కునుకు తీస్తున్నాడని వాణ్ని నిలబెట్టి, ఇంటికి ఫోన్ కూడా చేశారు. విని నాకు ఒళ్లు మండిపోయింది.

స్ప్లిట్ ఏసీ బయటి గాలిని లోపలికి తేదు. గదిలో ఉన్న గాలినే లాక్కుని, చల్లబరిచి మళ్లీ వదులుతుంది. బయటి గాలిలో కార్బన్ డయాక్సైడ్ పది లక్షల వంతులకు 420కి కాస్త పైన ఉంటుంది. అన్నీ మూసేసిన గదిలో అంతమంది ఊపిరి వదులుతుంటే అది వెయ్యి దాటడానికి ఎంతోసేపు పట్టదు. ఆ గాలాడని గదిలో పిల్లలకు తల బరువెక్కుతుంది, మగతగా ఉంటుంది. దానికి బద్ధకం అని పేరు పెట్టి శిక్షించడం అన్యాయం.

ఇంగ్లండ్‌లో సాల్ఫర్డ్ యూనివర్సిటీ వాళ్లు 27 ప్రైమరీ స్కూళ్లలో 153 క్లాసురూములను, 3,766 మంది పిల్లలను పరిశీలించి 2015లో రిపోర్టు ఇచ్చారు. ఏడాదిలో పిల్లల చదువు ముందుకెళ్లడంలో కనిపించిన తేడాల్లో 16 శాతానికి గది తీరే కారణమని తేల్చారు. అందులో దాదాపు సగం వెలుతురు, గాలి, ఉష్ణోగ్రతలదే. అవి చిన్నపిల్లల బళ్లే, ఒప్పుకుంటాను. కానీ మంచి గాలి అవసరం వయసుతో తగ్గేది కాదు.

ఆంధ్రప్రదేశ్‌లో 2019లో మొదలైన నాడు-నేడు పనుల్లో మరుగుదొడ్లు, తాగునీటితో పాటు ఫ్యాన్లు, లైట్లు కూడా చేర్చారు. ఆ పథకంలో ఎన్ని లోపాలైనా ఉండనీ, సర్కారు బడిలో గది గురించి ఆలోచించారు. లక్షలు కట్టే చోట ఆ ఆలోచనే లేదు.

అడ్మిషన్‌కి వెళ్తే రిసెప్షన్ చూసి వచ్చేయకండి. మధ్యాహ్నం పూట, పిల్లలున్న గదిలోనే పది నిమిషాలు కూర్చుంటామని అడగండి. కిటికీ తెరిచి చూడండి. ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉందా, తిరుగుతోందా చూడండి. పీరియడ్‌కీ పీరియడ్‌కీ మధ్య ఐదు నిమిషాలైనా తలుపులు, కిటికీలు తెరిచి పెట్టమనండి. దానికి కాలేజీకి రూపాయి ఖర్చు లేదు. ఇంటర్ బోర్డు వాళ్లు కూడా గుర్తింపు ఇచ్చే ముందు, ఖాళీ బిల్డింగ్ కాకుండా క్లాసు నడుస్తున్న గదిని చూసి సంతకం పెట్టాలి.