పొరుగువారిని వెతికే ఉపసంఘం

మా సంఘానికీ చుట్టుపక్కల వాళ్లకీ సంబంధాలు ఎలా పెంచాలో తేల్చడానికి ఈమధ్య ఒక ఉపసంఘం వేశారు. దానికి కార్యదర్శిని నేను. ఆదివారం ఆరాధన అయ్యాక బయట చెప్పులు కనపడక వెతుక్కుంటూ ఉండిపోయాను. మిగతావాళ్లంతా అప్పటికే వెళ్లిపోయారు. మన దగ్గర చాలా పదవులు ఇలాగే వస్తాయి కాబట్టి నేనేమీ గర్వపడటం లేదు.

ముందు మా భౌగోళిక పరిస్థితి మనవి చేసుకోవాలి. మా చర్చి రాజోలు వైపు, పంట కాలువ గట్టున, పేటకి చివర్లోనూ ఊరికి మొదట్లోనూ ఉంది. గేటు దాటితే సిమెంటు రోడ్డు. రోడ్డుకి అవతల ఒక పెంకుటిల్లు, ఇంటి ముందు అరుగు, అరుగు మీద పొద్దస్తమానం ఒక మామ్మగారు. గేటు నుంచి అరుగు దాకా నేనే స్వయంగా కొలిచాను. 14 అంగలు. వానాకాలంలో 17, మధ్యలో ఉన్న గుంటని చుట్టి వెళ్లాలి గనక.

ఈ 14 అంగలు దాటే మార్గం కనిపెట్టడమే మా ఉపసంఘానికి అప్పగించిన పని. గడువు 6 నెలలు. ఇప్పటికి 11 నెలలైంది.

మొదటి సమావేశంలోనే మౌలికమైన ప్రశ్న ఒకటి లేచింది. అసలు పొరుగువాడంటే ఎవరు? లూకా సువార్త 10వ అధ్యాయంలో ఒక ధర్మశాస్త్ర పండితుడు ఇదే అడిగాడు. అడిగితే యేసుప్రభువు దొంగల చేతుల్లో దెబ్బలు తిని దారిపక్కన పడి ఉన్న మనిషి కథ చెప్పి, ప్రశ్నని మళ్లీ ఆ పండితుడికే తిప్పికొట్టారు. కథలతో సరిపెట్టుకునే రకం కాదు మా ఉపసంఘం. నిర్వచనం కావాల్సిందే అంది. ప్రహరీ నుంచి ఎన్ని గజాల వరకు పొరుగు? కాలువకి అవతలివాళ్లు వస్తారా? అద్దెకున్నవాళ్ల మాటేమిటి? టీ రెండుసార్లు వచ్చింది గానీ నిర్వచనం రాలేదు.

ఇంకో చిక్కు కూడా ఉంది. మా ప్రహరీని ఆనుకుని మరో చర్చి ఉంది. 9 ఏళ్ల కిందట మాలోంచి విడిపోయినవాళ్లు కట్టుకున్నది. సిద్ధాంతపరమైన విభేదం అని రికార్డులో ఉంది. హార్మోనియం ఎవరి దగ్గర ఉండాలన్న తగాదా అని మా ఆవిడ అంటుంది. మన గోదావరి జిల్లాల్లో ఒకే వీధిలో లూథరన్లు, బాప్టిస్టులు, బ్రదరెన్ వాళ్లు, పెంతెకొస్తు వాళ్లు, ఎవరికీ చెందని స్వతంత్రులు వరసగా ఉండటం వింతేమీ కాదు. గోడ ఒక్కటే అయినా ఆ పక్క చర్చివాళ్లు పొరుగు కిందికి రారని తీర్మానం పెట్టాం. ఏకగ్రీవంగా నెగ్గింది. ఈ 11 నెలల్లో ఏకగ్రీవంగా నెగ్గిన తీర్మానం అదొక్కటే.

పోతే, కాలువ సంగతి. మా ఊళ్లో పొరుగు అన్న మాటకి ఎప్పుడూ కాలువ అడ్డం వస్తుంది. ఈ పక్క పేట, ఆ పక్క ఊరు. నీళ్లిచ్చిన పుణ్యం కాటన్ దొరదని మేమూ వాళ్లూ కలిసే ఒప్పుకుంటాం. మధ్యలో గీత గీసింది మాత్రం దొర కాదు. ఆయన ఓడెక్కక ముందే అది ఉంది. ఈ సంగతి సమావేశంలో ఒక కుర్రాడు ఎత్తాడు. అజెండాలో లేదని అధ్యక్షుల వారు ఆపేశారు. నిజమే, లేదు. ఎప్పుడూ లేదు.

నిర్వచనం కుదరకపోయేసరికి పని ఆగకూడదని దూరం నుంచి మొదలుపెట్టాం. వ్యాను మాట్లాడుకుని, వంద కిలోమీటర్ల పైన ప్రయాణం చేసి, రంపచోడవరం ఏజెన్సీకి వెళ్లి 60 దుప్పట్లు పంచి వచ్చాం. ఫొటోలు చక్కగా వచ్చాయి. తెల్లవారుజామున 4 గంటలకి బయల్దేరుతుంటే మామ్మగారు అరుగు మీంచి, "ఎక్కడికి బాబూ, ఇంత పొద్దున్నే?" అని అడిగారు. "పరిచర్యకండీ, జనాన్ని కలవడానికి" అన్నాం. "ఆయ్, వెళ్లి రండి" అన్నారు.

ఇక మేము ఇరుగుపొరుగుతో నిత్యం జరుపుతున్న ఏకైక సంభాషణ, మైకు. గోపురం మీద నాలుగు హారన్లు నాలుగు దిక్కులకీ ఉన్నాయి. 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నియమాల ప్రకారం ఇళ్లున్న చోట పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45 దాటకూడదు. రాత్రి 10 నుంచి పొద్దున్న 6 దాకా మైకు పెట్టకూడదు. మేము చట్టాన్ని గౌరవించేవాళ్లం. కాకపోతే మా ఆంప్లిఫయర్ మీద డెసిబెల్స్ లేవు, 1 నుంచి 10 దాకా అంకెలున్నాయి. 7కి తగ్గితే అభిషేకం రాదని మా సౌండు కుర్రాడి నమ్మకం. పక్క చర్చి 8లో పెడితే మేము 9కి వెళ్లడం ఆత్మీయ ఎదుగుదల కింద లెక్క. ఒక్క మమ్మల్నే అనకూడదు. డిసెంబరు మధ్యలో ధనుర్మాసం మొదలవగానే రామాలయం మైకు తెల్లవారకముందే లేస్తుంది, మా క్రిస్మస్ మీటింగుల మైకు అర్ధరాత్రి దాకా పడుకోదు. ఆ పది రోజులూ ఊళ్లో ఏ మతం వాడికీ నిద్ర ఉండదు. సర్వమత సమానత్వం అంటే బహుశా ఇదే.

ఉపసంఘం తరఫున నేను కొంత చరిత్ర పరిశోధన కూడా చేశాను. 1836లో విలియం బౌడెన్, జార్జ్ బీర్ అని ఇద్దరు మిషనరీలు ఇంగ్లండు నుంచి భార్యలతో సహా ఓడెక్కి వచ్చారు. తరవాత నరసాపురం, పాలకొల్లుల్లో కాపురం పెట్టి, తెలుగు నేర్చుకుని, ఈ డెల్టా అంతా తిరిగారు. ఒకాయన రాళ్లు చెక్కే మేస్త్రీ, ఇంకొకాయన చెప్పులు కుట్టేవాడు. ఈ రోజు మా సంఘానికి దరఖాస్తు పెట్టుకుంటే ఇద్దరికీ ఇంటర్వ్యూ పిలుపు కూడా వెళ్లదు. 1847లో ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పని మొదలైంది, 1852కి అయింది. అక్కడ పనిచేసే కూలీల మధ్యకి కూడా వీళ్లు వెళ్లి బోధించారు. అప్పట్లో మైకు లేదు. గొంతు ఎంత దూరం వినపడుతుందో అంత దగ్గరికి వెళ్లి నిలబడాలి. అంత దగ్గరికి వెళితే అవతలివాడు తిరిగి మాట్లాడతాడు, ప్రశ్నలు వేస్తాడు, ఒక్కోసారి తిడతాడు కూడా. ఇదొక పెద్ద సాంకేతిక లోపం. హారన్లు వచ్చాక పూర్తిగా సవరించుకున్నాం.

ఆ దొరసానుల కాలంలోనే లేసు అల్లిక ఈ ప్రాంతానికి వచ్చింది. కొక్కెం ఉన్న ఒక చిన్న సూది, ఒక దారపు ఉండ, అంతే సరంజామా. మిషన్ బంగళా వరండాలో మొదలై, పేటలు దాటి, కాలువలు దాటి, గడప దాటని ఆడవాళ్ల ఇళ్లలోకి కూడా వెళ్లిపోయింది. వసిష్ఠ గోదావరికి అటూ ఇటూ ఎన్ని వేల మంది ఆడవాళ్లు ఆ సూదితో పిల్లల ఫీజులు కట్టారో ఏ సంఘ రిజిస్టరులోనూ ఉండదు. మా మామ్మగారి ఒళ్లో కూడా ఎప్పుడూ అదే ఉంటుంది. మామ్మగారి అత్తగారికి నేర్పినావిడ మా చర్చి మొదటి తరం సభ్యురాలట. ఇది మామ్మగారు మా ఆవిడకి చెబితే మా ఆవిడ నాకు చెప్పింది. మా శతాబ్ది సావనీరులో వెతికాను, లేదు. శంకుస్థాపన ఫలకం మీద పేర్లు ఏ వరసలో ఉండాలన్న దాని మీద మాత్రం 4 పేజీలు ఉంది.

ఇప్పుడు కోశాధికారి గారు సమర్పించిన "నష్టాల పట్టిక"కి వస్తాను. నిజానికి ఈ ఉపసంఘం చేసిన పనికొచ్చే పని అదే. సంఘ ఆస్తి ఎక్కడెక్కడ కారిపోతోందో ఆయన ఇంచు ఇంచూ పరిశీలించారు.

ఒకటి, బోరు. చుట్టూ రొయ్యల చెరువులు, దిగువన సముద్రం. ఊళ్లో ఏ బోరు వేసినా ఉప్పు నీళ్లే. మా ఆవరణలో మాత్రం తీపి నీళ్లు పడ్డాయి. వేసవిలో కాలువలు కట్టేశాక పొద్దున్నే కాలువ అవతలివాళ్లు కూడా సైకిళ్ల మీద టిన్నులు వేసుకొచ్చి పట్టుకెళుతున్నారు. కరెంటు బిల్లు మాది. రెండు, కుర్చీలు, వంట గిన్నెలు. పెళ్లిళ్లకీ, దినాలకీ ఊరంతా మావే. పోయిన సంక్రాంతికి వెళ్లిన పెద్ద డేగిసా వినాయక చవితి పులిహోర కూడా వండి గానీ తిరిగి రాలేదు. మూడోది ధాన్యం. దాళ్వా కోతలప్పుడు మా ఆవరణంతా ఎవరెవరివో గింజలు ఆరబోసి ఉంటాయి. ఒక ఏడాది ఈస్టర్ తెల్లవారుజాము ఆరాధనకి మేమంతా కొవ్వొత్తులు పట్టుకుని ధాన్యం రాశుల మధ్య ఒంటికాలి మీద గెంతుతూ లోపలికి వెళ్లాం. అద్దె వసూలు చేయాలన్నారు కోశాధికారి. ఆ ధాన్యంలో సగం ఆయన బావమరిది కౌలు చేనుదని తేలాక ఆ అంశం తదుపరి సమావేశానికి వాయిదా పడింది.

పట్టికలో లేనిది ఇంకోటి ఉంది. 1996 నవంబరు 6 రాత్రి. కోనసీమలో ఆ తేదీ ఎవరికీ గుర్తు చేయక్కర్లేదు. కొబ్బరి చెట్లు అగ్గిపుల్లల్లా విరిగిపోతుంటే, పెంకులు లేచిపోతుంటే, రోడ్డు అవతలి వీధి మొత్తం మా చర్చిలోకి వచ్చేసింది. బల్లలు జతచేసి పసిపిల్లల్ని పడుకోబెట్టాం. బలిపీఠం దగ్గర ఒక ఆవుదూడ కూడా ఉండేది. నాకప్పుడు పెళ్లయి ఏడాది. ఎవరు ఎవరి పక్కన కూర్చున్నారో ఆ చీకట్లో తెలియలేదు. తెల్లారాక తెలిసింది, ఎవరి దారిన వాళ్లు వెళ్లిపోయారు. ఆ రాత్రిని నివేదికలో చేర్చమని నేను కోరాను. అప్పట్లో ఉపసంఘం లేదు, మినిట్స్ లేవు, కోరం ఉందో లేదో తెలియదు, కాబట్టి దాన్ని అధికారిక కార్యక్రమంగా గుర్తించలేమన్నారు.

నివేదిక సిద్ధమైంది. సిఫార్సులు ఇవీ. బోరుకి గేటు పెట్టి తాళం వేయాలి, టిన్నుకొక కరపత్రం ఇవ్వాలి. గిన్నెలకి డిపాజిట్ తీసుకోవాలి. ఇలా మిగిలిన డబ్బుతో ఇరుగుపొరుగుని ఆకట్టుకోవడానికి మూడు రాత్రుల బహిరంగ సభ పెట్టాలి, హైదరాబాదు నుంచి ప్రసంగీకుణ్ణి పిలవాలి, కొత్త బాక్సులు కొనాలి.

సరిగ్గా అప్పుడే పిడుగు పడింది. అలంకారం కాదు, నిజంగానే పడింది. ఆంప్లిఫయర్ మాడిపోయింది. రిపేరుకి పాలకొల్లు పంపాం. మూడు ఆదివారాలు మైకు లేకుండా ఆరాధన జరిగింది. మా పాటలు మాకే వినపడ్డాయి. అందులో కొన్ని ఇబ్బందులు బయటపడ్డాయి గానీ అవి వేరే విషయం.

మూడో ఆదివారం కానుకలు పడుతున్న వేళకి గుమ్మంలో మామ్మగారు. చేతిలో లేసు సంచి. ఆ 14 అంగలూ ఆవిడే వేసుకుని వచ్చేశారు. అన్నేళ్ల తరవాత.

"ఏవండీ పాస్టరు గారూ, అంతా బానే ఉన్నారా? మూడు వారాలబట్టి మీ గొంతు వినపడ్డం లేదు. ఒంట్లో బాగోలేదేమో అనుకున్నాను."

పాస్టరు గారికి వెంటనే మాట రాలేదు. ఆయన వృత్తిలో ఇది అరుదు. పాస్టరమ్మగారు కుర్చీ వేసి, లోపల్నించి స్టీలు గ్లాసుతో మంచినీళ్లు తెచ్చి ఇచ్చారు. మామ్మగారు గ్లాసు కేసి ఒకసారి చూసి, తాగేశారు. మళ్లీ ఇంకో గ్లాసు అడిగారు. ఈ గ్లాసుల గురించి మినిట్స్‌లో ఏమీ లేదు. రాయమని నన్నెవరూ అడగలేదు.

తరవాత ఆవిడ తీరిగ్గా కూర్చుని చాలా సంగతులు చెప్పారు. రెండో పాట మూడో చరణంలో కోశాధికారి గారు ఎప్పుడూ ఒక మాట మింగేస్తున్నారట. పాస్టరు గారి ప్రసంగం చలికాలంలో బావుంటుంది గానీ ఎండాకాలంలో సాగదీస్తున్నారట. 30 ఏళ్లుగా ప్రతి ఆదివారం వింటున్న మనిషి మా రిజిస్టరులో ఎక్కడా లేరు.

ఉపసంఘం అత్యవసరంగా సమావేశమై ఈ సంఘటనను లోతుగా సమీక్షించింది. మైకు ఆగిపోతే పొరుగువారు ఆందోళన చెందుతున్నారని స్పష్టమైంది గనక, ఇకపై ఎన్నడూ ఆగకుండా జనరేటర్ కొనాలని తీర్మానించింది. చందాల పుస్తకం పట్టుకుని బయల్దేరితే మొట్టమొదట దొరికింది మామ్మగారే. అక్కడే అరుగు మీద కొంగుముడి విప్పి 500 రూపాయల నోటు తీశారు.

"ఉంచండి బాబూ. కాకపోతే ఒక్క మాట. ఈ రోడ్డు వైపున్న గొట్టం ఉంది చూశారూ, దాన్ని కాస్త అటు, మా తోటికోడలింటి వైపు తిప్పించండి."

అలాగేనండి అని నోటు తీసుకున్నాను. మా రసీదు పుస్తకంలో సభ్యుల కానుక, దశమభాగం, కృతజ్ఞతార్పణ, కట్టడ నిధి అని నాలుగు గళ్లున్నాయి. ఈ 500 ఏ గడిలో రాయాలన్నది వచ్చే ఆదివారం అజెండాలో పెట్టాం.