గుంతలను కళాకారుల నుంచి కాపాడండి

బెంగళూరులో కళకు అసలు శత్రువు ఎవరని అడిగితే, తడుముకోకుండా వీధి కళాకారుడు బాదల్ నంజుండస్వామి పేరు చెబుతాను. 2015లో ఆయన సుల్తాన్‌పాళ్యలో నీళ్లు నిండిన గుంతలోకి అచ్చం నిజందాన్ని పోలిన మొసలిని దించారు. జనం ఫొటోలు తీశారు, పత్రికలు రాశాయి, అధికారులు ఆదరాబాదరా గుంత పూడ్చారు. 2019లో, చంద్రయాన్-2 చంద్రుడి మీద దిగబోతున్న రోజుల్లో, వ్యోమగామి వేషం వేసుకుని గతుకుల రోడ్డు మీద తేలిపోతున్నట్టు అడుగులేశారు. వీడియో దేశమంతా తిరిగింది. మళ్లీ మరమ్మతులు!

దీన్ని కళ అంటున్నారు. నా దృష్టిలో ఇది విధ్వంసం.

ఒక చోటు కోసమే పుట్టే శిల్పానికి మూలసూత్రం ఒకటే: అక్కడి నుంచి కదిపితే అది చచ్చినట్టే. అమెరికన్ శిల్పి రిచర్డ్ సెర్రా 1981లో న్యూయార్క్‌లో, ప్రభుత్వ కార్యాలయాల ముంగిట 120 అడుగుల పొడవు, 12 అడుగుల ఎత్తున ఉక్కు గోడను అడ్డంగా నిలబెట్టారు. చేయించుకున్నదీ ప్రభుత్వమే. చుట్టూ తిరిగి వెళ్లవలసి వస్తోందని ఉద్యోగులు గోల పెట్టారు. విచారణలు, కోర్టులు అయ్యాక 1989లో దాన్ని ముక్కలుగా కోసి తీసేశారు. పాపం, చుట్టూ తిరిగే సంస్కారం అమెరికా వాళ్లకు ఇంకా అబ్బలేదు. మన బెంగళూరులో ఈజీపుర పైవంతెన పని 2017లో మొదలైంది. ఏళ్ల తరబడి ఆ స్తంభాలు దేన్నీ మోయకుండా నిలబడ్డాయి. మనం హారన్లు మోగిస్తూ భక్తిగా ప్రదక్షిణ చేశామే తప్ప ఒక్కటైనా కోయించామా?

ఇక చూసేవాళ్లు కూడా పాలుపంచుకునే కళ సంగతి. మనిషి దగ్గరికి రాగానే బొమ్మ పలకాలని కళాకారులు సెన్సార్లు, లైట్లు, ప్రొజెక్టర్లు పెట్టి నానా తంటాలు పడతారు. మా మారతహళ్లి వీధిలో పైపు కోసం తవ్వి వదిలేసిన గుంతకు కరెంటు కూడా అక్కర్లేదు. మొదట ఒక స్కూలు పిల్లవాడి చెప్పు పుచ్చుకుంది. మర్నాటికి ఎవరో అందులో వేపకొమ్మ గుచ్చారు. ఆ తర్వాత కాలు విరిగిన ప్లాస్టిక్ కుర్చీ వచ్చింది. ఎదురింట్లో ఉండే అనంతపురం పెద్దాయన కుర్చీ వీపుకు ఎర్ర గుడ్డ కట్టారు. దగ్గరికి వెళ్లి చూస్తే అది పిన్నిగారి పాత చీర కొంగు, జరీ అంచుతో సహా. నీళ్ల ట్యాంకరు వచ్చినప్పుడు కుర్చీ పక్కకు జరుగుతుంది, వెళ్లాక ఎవరో మళ్లీ సర్దుతారు. ఇందులో ఎవరూ సంతకం పెట్టలేదు. పేరున్న ప్రదర్శనశాలల్లో ఇంత వినయం చూపించండి!

ఇలాంటి కృతిని పెద్దాయన స్వయంగా నాశనం చేయబోయారు.

"ఆ మొసలి స్వామిగారిని మన వీధికి పిలిపిద్దాం నాయనా."

"ఆయన అడుగుపెడితే గుంత మిగలదు బాబాయిగారూ!"

"పిలవమనేది అందుకే కదయ్యా!"

సామాన్యుల్లో కళ పట్ల అవగాహన ఈ స్థితిలో ఉంది.

అందుకే పాలకులకు నా విన్నపం. ప్రతి గుంత పక్కనా ఒక రాతి ఫలకం నాటించండి. మాధ్యమం: తారు, కంకర, పగిలిన పైపు నీళ్లు. కొలతలు: వానను బట్టి. 'ముట్టుకోరాదు' అని మాత్రం రాయించకండి, రాత్రిపూట వీధిదీపం వెలగదు కాబట్టి ఆ నిబంధన పాటించడం ఎవరి వల్లా కాదు.