డిగ్రీ అవగానే కన్సల్టింగా? ముందు కాటా పట్టుకోండి

మన శ్రీకాకుళంలో కన్సల్టెన్సీ అంటే వీసాలు చూసే ఆఫీసో, ఉద్యోగం ఇప్పిస్తామని డబ్బు కట్టించుకునే గదో అనుకుంటారు. అందుకే బీకామో, బీటెకో అయిన పిల్లలు ఆ మాట ఎత్తితే ఇంట్లో కంగారు. వాళ్ల కంగారులో తప్పు లేదు. నేను చెప్పే కన్సల్టింగ్ వేరు, ఫీజు తీసుకుని వ్యాపారాలకు సలహా ఇచ్చే పని. నాకు కోపమంతా ఈ పిల్లలకు ఇరవై స్లైడ్లు చేయడం నేర్పి, అదే కన్సల్టింగ్ అని పంపేవాళ్ల మీద. పలాసలో ఏళ్ల తరబడి జీడిపిక్కలు కొట్టిస్తున్న యజమాని ముందు ఆ స్లైడ్లు పెడితే, ‘మా నాన్న కాడి నుంచీ ఇదే పని, నువ్వేటి చెప్తావు బాబూ?’ అంటాడు. న్యాయమైన ప్రశ్నే.

ఇరవై రెండేళ్లకు అనుభవం ఉండదు, తీరిక ఉంటుంది. యజమానికి లేనిది అదే. కాబట్టి ఒక్క ప్రశ్న పట్టుకుని దాని లెక్క తేల్చి ఇవ్వండి. ‘80 కిలోల బస్తాకు పప్పు ఎంత దిగుతోంది? అందులో గుండు (విరగని పప్పు) ఎంత, బద్ద (రెండుగా చీలింది) ఎంత, ముక్క ఎంత?’

మంచి పిక్కైతే బస్తాకు 20 నుంచి 22 కిలోల పప్పు దిగుతుంది. మూడు లాట్ల నుంచి ఒక్కో బస్తా తీసి విడిగా నడిపించండి. ఉడికించే ముందు, కొట్టాక, డ్రయర్ నుంచి తీశాక, పొట్టు తీశాక, గ్రేడింగ్ అయ్యాక తూకం వేయాలి, అన్నిసార్లూ ఒకే కాటా మీద. లాట్లు కలిసిపోయాయా, మళ్లీ మొదటికే. డబ్ల్యూ 320 అనే గ్రేడు అంటే పౌనుకు (సుమారు 454 గ్రాములు) 300 నుంచి 320 గుండ్లు. డబ్బా మీది పేరు నమ్మక లెక్కపెట్టండి. అన్నిటికంటే పెద్ద తప్పు, డ్రయర్‌లో తేమ పోయి తగ్గిన బరువును ‘పోయిన సరుకు’ అని రాసేయడం. ఆ ఒక్క గీతతో పొట్టు తీసే ఆడవాళ్ల మీద దొంగతనం నింద పడుతుంది. తేమ కొలవకుండా ఆ గడి నింపొద్దు.

గుండు తగ్గుతుంటే ఆవిరి చాలలేదా, ఉడికిన పిక్క ఆరకముందే కొట్టారా, పప్పు మరీ ఎండిపోయి పొట్టు దగ్గర విరుగుతోందా చూడండి. మూడూ ఒకేసారి మార్చితే దేనివల్ల బాగుపడిందో ఎవరికీ తెలీదు. నరసన్నపేట రైసు మిల్లైనా పద్ధతి ఇదే, పప్పు బదులు బియ్యం, ముక్క బదులు నూక.

పని మొదలుపెట్టే ముందు ఒక పేజీ కాగితం రాసుకోండి: ప్రశ్న ఏమిటి, ఎన్ని రోజులు, ఆయన ఏ పుస్తకాలు చూపించాలి, ఏది మీ పని కాదు, ఫీజు ఎంత. కొంత ముందే తీసుకోండి. ఫీజు బదులు లాభంలో వాటా అడగొద్దు, ఆ లాభం ఎలా లెక్కగట్టాలన్న దగ్గరే తగువు మొదలవుతుంది. ఉద్యమ్ రిజిస్ట్రేషన్‌కు (చిన్న వ్యాపారాల ప్రభుత్వ నమోదు) ఆధార్, పాన్ చాలు, పైసా ఖర్చు లేదు. పని ఒప్పుకునే ముందే చేయించుకోండి. 2006 నాటి ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్య తరహా సంస్థల) చట్టం ప్రకారం ఒప్పందం రాసుకుంటే 45 రోజులు మించకుండా, రాసుకోకపోతే 15 రోజుల్లో మీకు డబ్బు ఇవ్వాలి. మన జిల్లాలో ఎవరూ దీన్ని గుర్తుచేయరు, చెల్లించాల్సినవాళ్లు అసలే చేయరు. సేవలకు ఏడాదికి 20 లక్షలు దాటేదాకా మామూలుగా జీఎస్టీ అక్కర్లేదు. ఫీజులో టీడీఎస్ (ముందే పట్టుకునే ఆదాయపు పన్ను) కోస్తే, మీకు పన్ను పడకపోతే రిటర్ను వేసి వెనక్కి తెచ్చుకోండి.

రిపోర్టు రెండు పేజీలు, తెలుగులో. యజమాని చేతికి ఇచ్చే ముందు మేస్త్రికి చదివి వినిపించండి. తప్పుంటే అక్కడే తేలిపోతుంది, రేపు ఆవిరి సమయం మార్చాల్సిందీ ఆయనే.