మహారాజశ్రీ గైడ్ రాడ్డు గారికి, ఒక మీటరు విన్నపం

మహారాజశ్రీ గైడ్ రాడ్డు గారి దివ్య సముఖమునకు,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టాలనే ఉంది. కానీ మన ఇద్దరిలో కుశలంగా ఉన్నది మీరొక్కరే. పదహారు మిల్లీమీటర్ల లావు, మీటరు పొడవు, ఒళ్లంతా క్రోమ్ నిగనిగ. మీరూ మీ తమ్ముడూ కంప్యూటరు చెప్పినట్టు చెక్క చెక్కే నా సీఎన్‌సీ యంత్రానికి అడ్డంగా ఉండే వంతెన, అదే గ్యాంట్రీ, మీద శేషశయనం వేసుకుని హాయిగా ఉన్నారు. నా సంగతి మాత్రం నిన్న మధ్యాహ్నం నుంచీ బాగాలేదు.

నిన్న ఆదివారం. మా బావమరిది కొత్తింటికి నేమ్‌ప్లేటు చెక్కిద్దామని కూర్చున్నాను. అరవై సెంటీమీటర్ల టేకు పలక. అక్షరాలు 'శ్రీనివాస నిలయం'. వీ ఆకారపు మొన ఉన్న వీ బిట్ తగిలించి, పలక నట్టనడుమ దాని మొన చెక్కకి తాకే చోటే సున్నా అని చెప్పి, అర మిల్లీమీటరు లోతు ఇచ్చి వదిలాను. పని అయ్యాక పొట్టు ఊది చూస్తే 'నివాస నిల' అని ఉంది.

అటు శ్రీ లేదు, ఇటు యం లేదు. వాటి మీదుగా బిట్టు గాల్లో తిరుగుతూ వెళ్లిపోయింది, చెక్కకి తగల్లేదు. మా ఆవిడ వచ్చి చూసి, "మా తమ్ముడింట్లో లక్ష్మీదేవి అడుగు పెట్టకూడదనా మీ ఉద్దేశం?" అంది. ఫోటో పంపితే వాడు ఒక్క ముక్కే అడిగాడు: "బావా, శ్రీ ఏదీ?"

పలక వెనక్కి తిప్పి, లోతు ఒకటిన్నరకు పెంచి మళ్లీ వదిలాను. ఈసారి శ్రీ వచ్చింది, సన్నగా, ఉపవాసం ఉన్నట్టు. నడుమ 'స' మాత్రం పొంగిన పూరీ అయింది. వీ బిట్ ఎంత దిగితే గీత అంత లావవుతుంది కదా. టేకు పలక రెండు వైపులా పోయింది, సాయంత్రం ఆరయింది.

తమరి ఎంపిక కోసం నేను పడిన పాట్లు తమరికి తెలియవు. మీకంటే ముందు ఆ ఆసనం మీద మీ పూర్వీకులు స్టెయిన్‌లెస్ 304 వారు ఉండేవారు. రాణీగంజ్‌లో కొట్టాయన, "ఇదే తీస్కోండి సార్, జన్మలో తుప్పు పట్టదు" అన్నాడు. నిజమే, పట్టలేదు. రాడ్డుకి తుప్పే మొదటి శత్రువని నేనూ నమ్మాను, ఆ మెరుపు చూసి. ఇంటికొచ్చి మైక్రోమీటరు పెడితే 15.93 చూపించింది. రాడ్డు మీద బాల్స్‌తో జారే లీనియర్ బేరింగ్ తొడిగితే చేటలో శనగల్లా లొడలొడ. బేరింగ్ లోపలి బాల్స్ బాగా గట్టిపరిచిన స్టీలు. 304కేమో ఎంత కాల్చినా, నూనెలో ముంచినా గట్టిదనం రాదు, దాని పుట్టుకే అంత. మూడు వారాలకు బాల్స్ నడిచిన దారులన్నీ గాళ్లు పడ్డాయి, గోరు ఆనిస్తే తగిలేంత. పైన పటారం, లోన లొటారం. ఆయన ఇప్పుడు పెరట్లో చిక్కుడు పాదుకి ఊతంగా ఉన్నారు. అక్కడ మాత్రం మంచి పేరు తెచ్చుకున్నారు.

ఆ తర్వాత నాకు సలహాలకు కరువు లేదు. పాత ప్రింటర్లు విప్పి రాడ్లు తీసుకోమన్నారు, అవి నా మెషీను బెడ్‌కి అడ్డంగా కూడా సరిపోవు. జీఐ పైపు మీద స్కేటింగ్ బేరింగులు పరిగెత్తించమన్నాడు ఇంకో మిత్రుడు, తన టేబుల్‌కి మాత్రం పెట్టుకోలేదు. బ్రైట్ బార్, అంటే పైన నునుపు చేసిన మామూలు స్టీలు కడ్డీ, అదే గైడ్ రాడ్డని బాలానగర్‌లో ఒకరు ఒట్టేసి చెప్పారు. రిటైరైన సైటు ఇంజినీరు మా మామగారు వ్యాసం అడిగి, "డీ స్క్వేర్ బై 162, మీటరుకి కిలో 580 గ్రాములు" అని నోటితో లెక్క కట్టి, ఇంకేమీ చెప్పకుండా పేపరు తీసుకున్నారు. మొత్తం వ్యవహారంలో తప్పులేని మాట ఆ ఒక్కటే.

చివరికి మీరు దొరికారు. కరెంటు వేడితో పైపొర గట్టిపరిచే ఇండక్షన్ హార్డెనింగ్, దాని మీద హార్డ్ క్రోమ్, గ్రైండింగ్, హెచ్6 టాలరెన్స్, అంటే పదహారుకి 11 మైక్రాన్ల కంటే ఎక్కువ తగ్గకూడదు. 304 ధరకి రెండింతలు పెట్టాను. ఇంటికి తెచ్చి ఆకురాయి పెట్టి గీస్తే గాజు మీద గీసినట్టు జారిపోయింది. అద్దం మీద దొర్లించి కింద నుంచి వెలుతురు చూశాను, సందు లేదు. బేరింగ్ తొడిగి వదిలితే వెన్న మీద నడిచినట్టు వెళ్లింది. ఆ రాత్రి భోజనం కూడా సంతోషంగా చేశాను. ఆరు నెలలైంది, మీ ఒంటి మీద ఒక్క గాడి లేదు. అది మాత్రం ఒప్పుకుంటాను.

మరి శ్రీ ఏమైందయ్యా?

నిన్న రాత్రి తొమ్మిదింటికి కాగితం మీద లెక్క వేశాను. బిట్టుని తిప్పే స్పిండిలూ, దాన్ని పైకీ కిందికీ జరిపే జెడ్ మోటారూ, పలకలూ కలిపి మీ మీద నడిచే బండి ఐదు కిలోలు. మీ అన్నదమ్ములిద్దరూ పంచుకుంటే తలా రెండున్నర. మీటరు పొడవున నట్టనడుమ ఆ బరువుకి నువ్వు వంగేది 0.8 మిల్లీమీటర్లు. ఎవరూ ఎక్కకుండా ఖాళీగా పడుకున్నా నీ సొంత బరువుకే ఇంకో 0.3. నడుమ మొత్తం 1.1, చివరి అక్షరాల దగ్గరికి వచ్చేసరికి అందులో సగం. అంటే అర మిల్లీమీటరు పైగా తేడా. నేనిచ్చిన లోతే అర మిల్లీమీటరు! డయల్ గేజ్ పెట్టి చూశాను, కాగితం అబద్ధం చెప్పలేదు.

ఇంతకంటే ఒళ్లు మండే సంగతి తర్వాత తెలిసింది. ఆ లెక్కలో నీ జాతకం ఎక్కడా లేదు. హార్డెన్ చేశావా, క్రోమ్ పూశావా అని ఎవరూ అడగలేదు. వంగడంలో స్టీలు వంశమంతా ఒకటే: మైల్డ్ స్టీలు, ఈఎన్8 అనే ఇంకో రకం స్టీలు, నువ్వు, అందరి బిరుసూ సుమారు 200 గిగాపాస్కల్సే. ఆ పెరట్లో పెద్దమనిషి 304 ఒక పిసరు తక్కువ, అంతే. గట్టిదనం నీ చర్మానికి, నీ నడుముకి కాదు. ఆరు నెలలు రాణీగంజ్, బాలానగర్ చుట్టూ బండి పెట్రోలు తగలేసి, ఏ స్టీలు, ఏ స్టీలు అని నిద్రలో కలవరించి నేను కొన్నది గాళ్లు పడకుండా వంగే రాడ్డు!

బండి బరువుకి వచ్చే వంపు లావుకి నాలుగో ఘాతంలో తగ్గుతుందట, పొడవుకి మూడో ఘాతంలో పెరుగుతుందట. అదే పాతిక మిల్లీమీటర్ల వాడిని తెచ్చి ఉంటే ఆ బరువుకి దాదాపు ఆరింతలు తక్కువ వంగేవాడు. ఈ ముక్క ఏ కొట్టాయనా చెప్పలేదే! "ఎంత పొడవు సార్?" అని అడిగింది కోత కూలి లెక్క కట్టుకోవడానికే. నేనూ అడగలేదనుకో. కింద వై వైపున, అంటే ముందుకీ వెనక్కీ కదిలే దిక్కున, ఎస్‌బీఆర్16 పట్టాలు పెట్టాను, వాటి లావు కూడా పదహారే, కానీ కింద ఆ చివర నుంచి ఈ చివర దాకా అల్యూమినియం వీపు ఆనించి ఉంది కాబట్టి కిక్కురుమనకుండా నిలబడ్డాయి. పైన డబ్బు మిగుల్చుకుందామని నిన్ను ఒంటరిగా రెండు ప్లైవుడ్ పలకల మధ్య వేలాడదీసి, హార్డెన్డ్ కదా, చూసుకుంటాడులే అనుకున్నాను.

గృహప్రవేశం గురువారం. కొత్త టేకు పలక వచ్చింది, నా ఖర్చే. రేపు పొద్దున గ్రైండర్ తెస్తున్నాను. హ్యాక్‌సాకి నువ్వు లొంగవని తెలుసు, వచ్చిన రోజే ఒక బ్లేడు పళ్లు రాలగొట్టావు. మీటరు నుంచి అరవై సెంటీమీటర్లకి. బండి బరువుకి వంగేది ఐదో వంతుకి దిగుతుంది. పలకని నిలువుగా తిప్పి వై వైపు పడుకోబెడతాను, అక్షరాల పొడవంతా ఆ పట్టాలే మోస్తాయి. నువ్వు అక్షరం ఎత్తు మేర అటూ ఇటూ కదిలితే చాలు. మిగిలే రెండు నలభై సెంటీమీటర్ల ముక్కలు తనకి కావాలన్నారు మామగారు. ఎందుకో చెప్పలేదు.

నిప్పురవ్వలు లేస్తాయి, కంగారు పడకు.

ఇట్లు,
'నివాస నిల' వారి బావ