"1960కి ముందు ఈ దేశంలో ఆకలే లేదు" అంటున్న ఫార్వర్డ్‌కి నా జవాబు

బెంగళూరులో ఉండే తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక పొడుగాటి మెసేజ్ మళ్ళీ మళ్ళీ తిరుగుతోంది. మా అపార్ట్‌మెంట్ గ్రూపులో వచ్చింది, మా ఊరివాళ్ల గ్రూపులో వచ్చింది, చివరికి పండక్కి బస్సు టికెట్ల కోసం పెట్టుకున్న గ్రూపులోనూ వచ్చింది. అందులో ఉన్నది ఇది: 1960కి ముందు మన దేశంలో ఆకలి లేదు, రోగాలు లేవు, హరిత విప్లవం పేరుతో విదేశీ విత్తనం తెచ్చి అంతా నాశనం చేశారు, ఇప్పుడు మనం తినే బియ్యం, కూరగాయలు అన్నీ జన్యుమార్పిడి చేసినవే, రైతు గింజ దాచి విత్తితే మొలవదు, యూరియా ఆపేసి ఆవు పేడతో పండిస్తే దేశమంతటికీ సరిపోతుంది, వంద కిలోమీటర్ల లోపు పండిందే తింటే కాలుష్యం పోతుంది, ఎగుమతులు, దిగుమతులు ఆపేస్తే మన దగ్గర ఆకలన్నదే ఉండదు.

పంపేవాళ్లు మంచి మనసుతోనే పంపుతున్నారు, పిల్లలకి ఏం పెడుతున్నామో అన్న టెన్షన్ అందరికీ ఉంది. మాది వరి పండించే ఇల్లు, ఈ విషయం నాకు చాలా ముఖ్యం. అందుకే ఒక్కో మాటా తీసుకుని జవాబు రాస్తున్నాను.

ఆకలే లేదన్న మాట దగ్గరే నాకు ఎక్కువ బాధ కలిగింది. మన పెద్దవాళ్లు కరువులకి పేర్లు పెట్టుకుని మరీ గుర్తుంచుకున్నారండీ. 1832-33లో నందన కరువు, గుంటూరు ప్రాంతంలో దాదాపు మూడో వంతు జనం పోయారని లెక్కలు. 1876-78లో ధాత కరువు, రాయలసీమ, మద్రాసు ప్రెసిడెన్సీతో పాటు మనం ఇప్పుడు ఉంటున్న ఈ మైసూరు రాజ్యాన్నీ తుడిచిపెట్టింది. 1871 జనాభా లెక్కల్లో మైసూరు సంస్థానం జనం 50 లక్షల పైన, 1881లో లెక్కపెడితే దాదాపు 42 లక్షలు. పదేళ్లలో పెరగాల్సిన జనం ఎనిమిది లక్షలకి పైగా తగ్గారు. అప్పుడు యూరియా లేదు, హైబ్రిడ్ లేదు, అన్నీ నాటు విత్తనాలే, అంతా పేడ ఎరువే. వానలు పోయాయి, ధరలు కొండెక్కాయి, అయినా గోధుమలు మాత్రం ఓడల మీద ఇంగ్లండుకి పోతూనే ఉన్నాయి. కరువు పనికి వచ్చిన మగమనిషికి రిచర్డ్ టెంపుల్ అనే అధికారి రోజుకి ఒక పౌను ధాన్యం, ఒక అణా చాలన్నాడు. పౌను అంటే అరకిలో కూడా రాదు, దాంతో రోజంతా రాళ్లు మొయ్యాలి. 1943లో బెంగాల్ కరువుకి 20 నుంచి 30 లక్షల మంది పోయారు.

స్వాతంత్ర్యం వచ్చాక కూడా పరిస్థితి ఒక్కసారిగా మారలేదు. 1965, 66 వరస కరువుల్లో అమెరికా నుంచి పీఎల్-480 అనే ఆహార సాయం పథకం కింద గోధుమల ఓడలు వస్తే గానీ రేషన్ షాపులు నడవలేదు, 1966 ఒక్క ఏడాదే కోటి టన్నుల దాకా ధాన్యం దిగుమతి చేసుకున్నాం. లాల్ బహదూర్ శాస్త్రి వారానికి ఒక పూట భోజనం మానమని దేశాన్ని అడిగింది ఆ రోజుల్లోనే. 1950-51లో దేశంలో పండిన తిండిగింజలు దాదాపు 5 కోట్ల టన్నులు, మనిషికి ఏడాదికి 140 కిలోలు. 2023-24లో 33 కోట్ల టన్నులు, జనం నాలుగు రెట్లు అయినా మనిషికి 230 కిలోల దాకా వస్తుంది. రోగాలు లేవంటారు గానీ, స్వాతంత్ర్యం వచ్చేనాటికి మన సగటు ఆయుష్షు 32 ఏళ్ల దగ్గర ఉండేది. షుగరు, బీపీ వచ్చే వయసు దాకా బతికినవాళ్లే తక్కువ.

అయితే ఆ మెసేజ్‌లో ఒక నిజం లేకపోలేదు. ప్రభుత్వం మద్దతు ధర, కొనుగోలు, రేషన్ అన్నీ వరి, గోధుమల చుట్టూనే కట్టింది కాబట్టి రాగి, జొన్న, కొర్ర, పప్పులు వెనక్కి పోయాయి, పంజాబులో భూగర్భ జలం అడుగంటింది. ఈ నష్టం గురించి గట్టిగా మాట్లాడాల్సిందే, నేనూ మాట్లాడతాను. దానికోసం లక్షల మంది ఆకలి చావులని లేనట్టు చెయ్యడం మాత్రం నాకు నచ్చదు.

ఇక విత్తనం సంగతి. బెంగళూరులో మనం కొనే సన్నబియ్యంలో పెద్ద భాగం సోనా మసూరి, బీపీటీ 5204 లాంటి రకాలు. బీపీటీ అంటే బాపట్ల, 1986లో అక్కడి ప్రభుత్వ పరిశోధన కేంద్రం నుంచి బయటికొచ్చిన సాంబ మసూరి. స్వర్ణ, అంటే ఎంటీయూ 7029, మన మారుటేరుది. తెలంగాణ సోనా రాజేంద్రనగర్‌ది. ఇవి ఏవీ జన్యుమార్పిడి రకాలు, అంటే ల్యాబులో వేరే జీవి జన్యువుని ఎక్కించినవి కావు, హైబ్రిడ్లు కూడా కావు. రెండు రకాలని కలిపి, తరతరాలు ఏరి, నిలకడ తెచ్చిన మామూలు వంగడాలు. గింజ దాచుకుని వచ్చే ఏడాది నారు పోస్తే మొలుస్తుంది, అదే పంట వస్తుంది, మా ఇంట్లో చేసేదీ అదే. ఇంకో విషయం, బీపీటీ 5204 పూర్వీకుల్లో జీఈబీ 24 ఉంది, 1921లో కోయంబత్తూరులో విడుదలైంది, ఇప్పుడు నాటు బియ్యం షాపుల్లో కిచిడి సాంబ పేరుతో అమ్ముతున్నది దాన్నే. అంటే మీరు విషం అంటున్న దాని తల్లివేరులోనే మీరు అమృతం అంటున్నది ఉంది.

హరిత విప్లవం వరి అని చెప్పుకునే ఐఆర్8 కూడా హైబ్రిడ్ కాదు. ఇండోనేషియా పొడుగు రకం పేటాని, తైవాన్ పొట్టి రకంతో ఫిలిప్పీన్స్‌లో కలిపి 1966లో విడుదల చేశారు. అంతకు ముందున్న రకాలకి ఎరువు వేస్తే ఏపుగా పెరిగి, కంకి బరువుకి చేను పడిపోయేది, పడ్డ చేనులో గింజ నీళ్లలోనే మొలకెత్తేది. ఇది పొట్టిగా నిలబడింది. 1967లో పశ్చిమ గోదావరి జిల్లా ఆచంటలో నెక్కంటి సుబ్బారావు గారు వేసి, చుట్టుపక్కల రైతులకి విత్తనం ఇచ్చారు. విదేశీ కంపెనీ వచ్చి బలవంతంగా అంటగట్టింది కాదు, రైతు చేతి నుంచి రైతు చేతికి పోయిన గింజ.

హైబ్రిడ్ అన్నది వేరే విషయం, అది రెండు రకాలని కలిపాక వచ్చే మొదటి తరం గింజనే విత్తనంగా అమ్మేది. మొక్కజొన్న, టమాటా, మిర్చి, పత్తిలో ఎక్కువగా హైబ్రిడ్లే. వాటి గింజ దాచి వేస్తే మొలవదు అనడం తప్పు, మొలుస్తుంది, కానీ ఒక మొక్క ఒకలా ఇంకో మొక్క ఇంకోలా వచ్చి దిగుబడి పడిపోతుంది, అందుకని ఏటా కొనాల్సిందే. ఆ ఖర్చు రైతుకి నిజమైన బరువు, నకిలీ విత్తనం తగిలితే ఆ ఏడాది పంటంతా పోతుంది. కోపం రావాల్సింది అక్కడ. జన్యుమార్పిడి పంటగా మన దేశంలో రైతులు మామూలుగా సాగు చేస్తున్నది ఒక్కటే, 2002లో అనుమతి వచ్చిన బీటీ పత్తి, పురుగుని చంపే ఒక బ్యాక్టీరియా జన్యువుని ఎక్కించినది. బీటీ వంకాయ మీద జనం అభిప్రాయం అడిగిన సభల్లో ఒకటి మన బెంగళూరులోనే జరిగింది, 2010 ఫిబ్రవరిలో దాన్ని ఆపేశారు, ఇప్పటికీ రాలేదు. న్యాయంగా చెప్పాలంటే పత్తి గింజల నూనె మన వంటల్లోకి వస్తోంది, బయటి నుంచి వచ్చే సోయా నూనె కూడా ఎక్కువగా అలాంటి పంటదే. ఆ ప్యాకెట్ల మీద స్పష్టంగా రాయమని అడగండి, నేను మీ వెంట ఉంటాను. కానీ మార్కెట్లో ఉన్న ప్రతి వంకాయా జన్యుమార్పిడిదే అనడం అబద్ధం. మొలకెత్తని గింజ ఇచ్చే టెర్మినేటర్ పద్ధతికి 1998లో అమెరికాలో పేటెంట్ ఇచ్చారు, ప్రపంచంలో ఎక్కడా అమ్మకానికి రాలేదు, రైతు హక్కుల మీద మన 2001 చట్టం దాన్ని నిషేధించింది. రైతు తన పంట గింజని దాచుకోవచ్చు, విత్తుకోవచ్చు, ఇచ్చిపుచ్చుకోవచ్చు, బ్రాండు పేరు లేకుండా అమ్ముకోవచ్చు కూడా అని రాసింది ఆ చట్టంలోనే. ఈ సంగతి పదిమందికి తెలిస్తే రైతుకి ఉపయోగం.

"మన నేల మీద పుట్టినదే తినాలి" అని కూడా ఉంది అందులో. మిరపకాయ, టమాటా, బంగాళాదుంప, వేరుశనగ, జామ, బొప్పాయి అన్నీ అమెరికా ఖండాల నుంచి సముద్రం దాటి వచ్చినవే. రాగి పుట్టిల్లు తూర్పు ఆఫ్రికా, వేల ఏళ్ల క్రితమే ఇక్కడికి చేరింది. మండ్యలో పనిచేసిన లక్ష్మణయ్య గారు మన రాగిని మళ్ళీ ఆఫ్రికా రాగితో కలిపి ఇండాఫ్ రకాలు తీస్తేనే కర్ణాటకలో రాగి దిగుబడి పెరిగింది. గుంటూరు మిర్చినీ రాగి ముద్దనీ పరాయివి అనగలమా?

ఎరువు మాటకొద్దాం. 45 కిలోల యూరియా బస్తాలో 20 కిలోల పైన నత్రజని ఉంటుంది. బాగా మాగిన పశువుల ఎరువులో నూటికి అర కిలో. అంటే ఒక్క బస్తా యూరియాకి బదులు నాలుగు టన్నుల పేడ ఎరువు తోలాలి, వరికి ఎకరానికి రెండు బస్తాల లెక్క వేసుకున్నా ఎనిమిది టన్నులు. ప్రతి పంటకీ, ప్రతి ఎకరానికీ అంత పేడ ఎక్కడుంది? ఉన్న పశువులకే మేత చాలడం లేదు, పైగా పేడలోని నత్రజని కూడా ఆ మేత పెరిగిన నేలలోంచి వచ్చిందే. గాలిలోని నత్రజనిని ఎరువుగా మార్చడం హాబర్ అనే జర్మనీ శాస్త్రవేత్త 1909లో చేసి చూపించాడు, బాష్ అనే ఇంకో ఆయన దాన్ని ఫ్యాక్టరీకి తెచ్చాడు, ఈ రోజు ప్రపంచంలో దాదాపు సగం మంది తిండి దాని మీదే నడుస్తోందని అంచనాలు. సేంద్రియ సాగు దిగుబడి సగటున 20 నుంచి 25 శాతం తక్కువని ఎన్నో దేశాల ప్రయోగాల్ని కలిపి చూసిన అధ్యయనాలు చెబుతున్నాయి, పప్పు జాతి పంటల్లో ఆ తేడా తగ్గుతుంది. శ్రీలంక 2021 ఏప్రిల్‌లో రసాయన ఎరువుల దిగుమతిని ఒక్కసారిగా ఆపేసింది. నవంబరుకల్లా వెనక్కి తగ్గాల్సి వచ్చింది, ఆ తర్వాతి పెద్ద పంటలో వడ్లు మూడో వంతుకు పైగా పడిపోయాయి, బియ్యంలో సొంత కాళ్ల మీద నిలబడ్డ దేశం బయట కొనుక్కుంది.

అలాగని యూరియా ఎంత వేసినా పర్లేదు అనట్లేదు. బస్తా 266 రూపాయలకే దొరుకుతుంది, పొటాష్, భాస్వరం ఎరువులు దానికి ఎన్నో రెట్లు, అందుకని రైతు యూరియానే గుమ్మరిస్తున్నాడు, నేల దెబ్బతింటోంది, చేనుకి పురుగు ఎక్కువ పడుతోంది. జీలుగ, జనుము చల్లి, పెరిగాక పచ్చిరొట్ట ఎరువుగా నేలలో కలిపి దున్నడం, వరి తర్వాత మినుమో పెసరో వెయ్యడం, మట్టి పరీక్ష చేయించి తగ్గించడం, ఇవన్నీ చెయ్యగలిగినవే. ఆంధ్రాలో 2016 నుంచి ప్రకృతి సాగు మీద పెద్ద కార్యక్రమమే నడుస్తోంది, ఊరూరా రైతులు చేసి చూస్తున్నారు. ఒక్కో సీజన్ కొంచెం కొంచెం తగ్గించుకుంటూ పోవడానికీ, రేపటి నుంచి బంద్ అనడానికీ ఉన్న తేడా ఏంటో శ్రీలంక రైతుని అడిగితే తెలుస్తుంది.

వంద కిలోమీటర్ల మాట గురించి ఎక్కువ చెప్పను. బెంగళూరు చుట్టూ వంద కిలోమీటర్లలో రాగి, కూరగాయలు, మామిడి, పాలు బాగా వస్తాయి. బియ్యం ఎక్కడి నుంచి వస్తుంది? తుంగభద్ర ఆయకట్టు నుంచి, గంగావతి, సింధనూరు, సిరుగుప్ప. మూడు నాలుగు వందల కిలోమీటర్లు. అక్కడ క్యాంపులు అని పిలిచే వలస ఊళ్లలో వరి వేస్తున్నవాళ్లలో కోస్తా నుంచి వలస పోయిన తెలుగు కుటుంబాలు ఎన్నో. ఆ వరినే కోలారులో వెయ్యి అడుగులు దాటిన బోర్లు పెట్టి పండిస్తే అది పర్యావరణానికి మేలా? 2018లో ప్రపంచవ్యాప్తంగా వేల పొలాల లెక్కలు తీసిన ఒక పెద్ద అధ్యయనంలో, తిండి వల్ల వచ్చే కాలుష్య వాయువుల్లో రవాణా వాటా దాదాపు 6 శాతమే. మిగతాది ఎక్కువగా పొలం దగ్గర, పశువుల దగ్గర, అడవి నరికిన చోట. వరిలో అయితే నిలవ నీటి నుంచి వచ్చే మీథేన్, దాన్ని తగ్గించాలంటే మధ్యమధ్యలో మడి ఆరబెట్టి మళ్ళీ తడి పెట్టాలి. దగ్గర్లో పండింది తాజాగా ఉంటుంది, మన రైతుకి నాలుగు డబ్బులు వస్తాయి, అందుకోసం కొనండి, మంచిదే.

చివరి మాట, ఎగుమతులు దిగుమతులు ఆపెయ్యడం. మనం వాడే వంటనూనెలో సగం పైన బయటిదే, పామాయిల్ ఇండోనేషియా, మలేషియాలది, సన్‌ఫ్లవర్ ఎక్కువగా రష్యా, ఉక్రెయిన్‌లది. 2022లో అక్కడ యుద్ధం మొదలవగానే ఇక్కడ నూనె ప్యాకెట్ ధర ఎలా ఎగిరిందో వంటింట్లో అందరికీ గుర్తుంది. దాన్నుంచి నేర్చుకోవాల్సింది వేరుశనగ, నువ్వులు, పొద్దుతిరుగుడుకి కూడా వరికి ఉన్నంత భరోసా ఇవ్వమని. తలుపులు మూసేస్తే మనకే కాదు, అవతలివాళ్లకీ దెబ్బ. ప్రపంచ బియ్యం వ్యాపారంలో దాదాపు 40 శాతం మనదే. 2023 జులైలో తెల్లబియ్యం ఎగుమతి ఆపితే అమెరికాలో మనవాళ్లు సోనా మసూరి బస్తాల కోసం క్యూలు కట్టారు, వాళ్లకి అది ఇబ్బంది మాత్రమే. మన బియ్యం మీద ఆధారపడ్డ పశ్చిమ ఆఫ్రికా దేశాల్లో పేదవాడికి అది తిండి సమస్య.

అన్నిటికన్నా పెద్ద పొరపాటు, గింజ మన దగ్గరే ఉంచుకుంటే ఆకలి పోతుందనుకోవడం. ప్రపంచంలో పండుతున్న తిండిని సమానంగా పంచితే మనిషికి రోజుకి 2,900 కేలరీల దాకా వస్తుంది. అయినా 2024లో 67 కోట్ల మందికి కడుపు నిండలేదని ఐక్యరాజ్యసమితి సంస్థల లెక్క. బెంగాల్ కరువు మీద ఆర్థికవేత్త అమర్త్యసేన్ 1981లో చెప్పింది ఇదే, గింజ ఉండటం వేరు, దాన్ని కొనే శక్తి, అడిగి తీసుకునే హక్కు ఉండటం వేరు. మన గోడౌన్లు నిండుగా ఉన్నాయి, 80 కోట్ల మందికి నెలకి 5 కిలోలు ఉచితంగా వెళ్తోంది, అయినా 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఐదేళ్ల లోపు పిల్లల్లో 35.5 శాతం వయసుకి తగ్గ ఎత్తు లేరు, ఆడవాళ్లలో 57 శాతానికి రక్తహీనత. వాళ్లకి తక్కువైంది పప్పు, గుడ్డు, పాలు, ఆకుకూర. ఇక్కడి రేషన్‌లో రాగి ఇస్తున్నారు, బడిలో గుడ్డు పెడుతున్నారు, వీటికి పప్పు కూడా తోడవ్వాలని అడగాలి.

మీకు నిజంగా పదిమందికి ఏదైనా పంపాలని ఉంటే ఇది పంపండి. మన ఇళ్ల పక్కన బిల్డింగులు కడుతున్న కూలీల్లో కర్నూలు, అనంతపురం, పాలమూరు, రాయచూరు వైపు వాళ్లు ఎంతోమంది. ఊళ్లో ఉన్న రేషన్ కార్డు ఇక్కడ చెల్లదనుకుని బియ్యం బయట కొనుక్కుంటారు. కేంద్రం ఇచ్చే ఆ 5 కిలోలు కార్డు నంబరు, వేలిముద్ర మీద ఏ రాష్ట్రంలోని రేషన్ షాపులోనైనా తీసుకోవచ్చు. కొంత ఇక్కడ తీసుకుంటే మిగతాది ఊళ్లో ఉన్న ఇంటివాళ్లు అక్కడ తీసుకోవచ్చు. మీ వీధిలో డీలరు కాదంటే పక్కన నిలబడి కన్నడలో మాట్లాడి పెట్టండి.