పల్లీలు పడని అల్లుడూ, పరువు పోయిన పెళ్లివారూ

సమాజంలో ఒక ప్రమాదకరమైన ధోరణి పెరిగిపోతోంది, ఎవరూ నోరు విప్పడం లేదు కాబట్టి నేనే విప్పాల్సి వస్తోంది. విస్తరి ముందు కూర్చుని "నాకు పల్లీలు పడవండీ" అనే మనుషులు ఎక్కువైపోయారు. వడ్డించేవాడు గరిటె ఎత్తాక, పెళ్లికూతురి మేనమామ స్వయంగా వచ్చి "మొహమాటపడకండి బాబూ, ఇంకొంచెం" అన్నాక కూడా చెయ్యి అడ్డం పెడతారు. ఇదేం మర్యాద?

వీళ్ల జాబితా చూశారా? పల్లీ, జీడిపప్పు, బాదం, నువ్వులు, పాలు, గుడ్డు, గోధుమ, సోయా, చేప, రొయ్య. ఒక్కొక్కరికి ఒకటో రెండో పడవు, నిజమే, కానీ పంక్తిలో అందరి మాటా విని అన్నీ తీసేస్తే ఆకులో మిగిలేది ఉప్పు. జీడిపప్పు లేని పులావ్ వండి పలాస చుట్టాలకి మొహం ఎలా చూపించాలి? పల్లీలు వెయ్యని గుత్తివంకాయ సంగతి అనంతపురం వియ్యంకుడికి తెలిస్తే? ఇక రొయ్యలు పడనివాళ్లు చెప్పేది మరీ ఘోరం. రొయ్యలోనూ బొద్దింకలోనూ ట్రోపోమయోసిన్ అనే ప్రొటీన్ దాదాపు ఒకేలా ఉంటుందట, అందుకే రొయ్య పడని కొందరికి బొద్దింకలున్న ఇంటి దుమ్ము కూడా పడదట. రెండూ ఒకే గోత్రమన్నమాట. సైన్సు ఒప్పుకున్నా సరే, భీమవరంలో చెరువులున్న ఆసామి ముందు ఈ మాట అనకండి, కుదిరిన సంబంధం అక్కడే తప్పిపోతుంది.

దీనికి మన పెద్దల దగ్గర ఎప్పుడో మందుంది. "కొంచెం కొంచెం తింటూ ఉంటే అదే అలవాటైపోతుందిరా." ప్రతి కుటుంబంలోనూ ఈ మాట అనే పెదనాన్న ఒకరుంటారు. ఫ్రాన్సులో శార్ల్ రిషే అనే శాస్త్రవేత్త కూడా సరిగ్గా ఇలాగే అనుకుని, సముద్రంలో దొరికే ఎనిమోన్ అనే జీవి విషాన్ని కుక్కలకి కొద్దికొద్దిగా ఎక్కించి చూశాడు. నెప్ట్యూన్ అనే గట్టి కుక్క మొదటిసారి ఏమీ కాకుండా హాయిగా తిరిగింది. 22 రోజుల తర్వాత మళ్లీ అంతే చిన్న మోతాదు ఇస్తే 25 నిమిషాల్లో చచ్చిపోయింది. పడనిదానికి ఒళ్లంతా ఒక్కసారిగా తిరగబడే ఆ వింతకి 1902లో అనాఫిలాక్సిస్ అని పేరు పెట్టి, 1913లో నోబెల్ బహుమతి పట్టుకుపోయాడు. మన పెదనాన్నకి మాత్రం రాలేదు, ఎందుకంటే ఆయన తన ప్రయోగాల ఫలితాలు ఎక్కడా రాసిపెట్టుకోడు.

అయితే పెదనాన్న ఊరుకుంటాడా? 2015లో లండన్‌వాళ్లు చేసిన అధ్యయనం వాట్సాప్‌లో సగం వరకూ చదివి వచ్చాడు. చిన్నప్పటి నుంచే పల్లీలు పెట్టిన పిల్లల్లో పల్లీ అలెర్జీ బాగా తగ్గిందని అందులో నిజంగానే ఉంది. మిగతా సగంలో ఉన్నదేమిటంటే, వాళ్లు 4 నుంచి 11 నెలల వయసులో మొదలుపెట్టిన పసివాళ్లు, అలెర్జీ ఇంకా రానివాళ్లు, ముందు పరీక్షలు చేసి డాక్టర్లు దగ్గరుండి చూసుకున్నవాళ్లు. ముప్పై రెండేళ్ల అల్లుడి ఊసు అందులో ఎక్కడా లేదు. అయినా అల్లుడంటే మనకి పసివాడితో సమానమే కదా, పెట్టేయొచ్చు.

ఇంకో పద్ధతి ఉంది, చెప్పకుండా పెట్టడం. "అంతా మనసులోనే ఉంటుంది, తెలియకపోతే ఏమీ కాదు" అని కుర్మాలో జీడిపప్పు ముద్ద కలిపేస్తారు. దురదృష్టవశాత్తూ ఈ సంగతి ఒంటికి చెప్పడం మర్చిపోతారు. కొన్ని నిమిషాల్లోనే పెదాలు ఉబ్బుతాయి, ఒళ్లంతా దద్దుర్లు లేస్తాయి, గొంతు బొంగురుపోతుంది, వాంతి, ఆయాసం, కళ్లు తిరగడం. అప్పుడు మనం పాటించాల్సిన సంప్రదాయం ఇలా ఉంటుంది: ముందు "వేడి చేసిందేమో" అని నిర్ణయించాలి. తర్వాత మజ్జిగ తాగించాలి (పాలు పడనివాడైతే మరీ మంచిది). లేపి, రెక్క పట్టుకుని హాలంతా నడిపించాలి, గాలి తగులుతుందని. పడుకోబెట్టి కాళ్లు ఎత్తి పెట్టాలి, ఊపిరి ఆడకపోతే కూర్చోబెట్టాలి, హఠాత్తుగా నిలబెడితే బీపీ పడిపోయి ప్రాణమే పోవచ్చు అని డాక్టర్లు చెబుతారు గానీ, పెళ్లి హాల్లో పడుకోబెడితే వీడియోలో పడదూ?

తర్వాత ఎవరి జేబులోంచో ఏవిల్ బిళ్ల వస్తుంది. దురద కాస్త తగ్గుతుంది, అందరూ "హమ్మయ్య" అంటారు, గొంతు లోపల వాపు మాత్రం దాని పని అది చేసుకుపోతుంది. దాన్ని ఆపేది తొడ బయటి వైపు కండకి ఇచ్చే అడ్రినలిన్ ఇంజెక్షన్. ఇది ఆలస్యం కాకూడదు, ఇచ్చాక కూడా కొన్ని గంటలు ఆసుపత్రిలో ఉంచాలి, తగ్గినట్టే తగ్గి మళ్లీ తిరగబెట్టొచ్చు కాబట్టి. చవకైన పాత మందే. విదేశాల్లో వెంట పెట్టుకు తిరిగే పెన్ను ఇంజెక్షన్లు ఇక్కడ మందుల షాపుల్లో మామూలుగా దొరకవు, మరి అంబులెన్స్ వచ్చేది డ్రోన్ కెమెరా, గుర్రబ్బండి, బ్యాండు మేళం దాటుకునే.

తేనెటీగలు, కందిరీగలు, పెన్సిలిన్ లాంటి మందులు కూడా ఇదే పని చేస్తాయట, కానీ వాటిని నేను క్షమిస్తాను. కందిరీగ ఎవరినీ "నా మీద ఒట్టు, ఇంకొక్కటి" అని బతిమాలదు. అలాంటి మందే అయినా నొప్పులకి వేసే ఇంజెక్షన్ సంగతి వేరు, బిళ్ల చాలని డాక్టరు నెత్తీ నోరూ బాదుకున్నా సూది కావాలని మనమే పేచీ పెట్టుకుని మరీ వేయించుకుంటాం.

బిస్కెట్ ప్యాకెట్ మీద మాత్రం పల్లీ, పాలు, గోధుమ ఉన్నాయని రాయాలని 2020 నాటి మన నిబంధనలు చెబుతున్నాయి. నువ్వులు ఆ జాబితాలో లేవు (అమెరికాలో 2023 నుంచి చేర్చారు, వాళ్లకి సంక్రాంతి లేదు కాబట్టి సరిపోయింది). కుర్మా గిన్నె మీద లేబుల్ అతికించమంటే ఏ పెళ్లివారు ఒప్పుకుంటారు? పోనీ అందులో ఏమేం వేశారని వంటాయన్ని అడిగి చూడండి. "పద్దెనిమిది దినుసులండీ, పేర్లు మాత్రం చెప్పను, రేపు ఎదురు వీధి క్యాటరింగ్‌వాడికి తెలిసిపోతుంది" అంటాడు.